డెర్మటాలజీపై ఆసక్తి ఉంది కానీ మచ్చల పేర్లు గుర్తుండటం లేదు

ప్రశ్న: వైద్యవిద్య రెండో సంవత్సరం చదువుతున్నాను. చర్మవైద్యంలో స్థిరపడాలని ఉంది. కానీ మాక్యూల్, పాపుల్, ప్లాక్ వంటి పేర్లు ఎంత చదివినా కలగాపులగమైపోతున్నాయి. ఈ విభాగం నాకు సరిపడదా?

జవాబు: పేర్లు తడబడుతున్నాయన్న ఒక్క కారణంతో అంత నిర్ణయానికి రావడం తొందరపాటే అవుతుంది. మీరు వాటిని చర్మ నిర్మాణం నుంచి విడదీసి, జాబితాగా బట్టీ పడుతున్నారని నాకు అనిపిస్తోంది. పైన ఉండే ఎపిడెర్మిస్‌లో రక్తనాళాలు ఉండవు. దానికి పోషణ కింది డెర్మిస్ నుంచే అందుతుంది. అందుకే ఎపిడెర్మిస్ వరకే ఒరుసుకుపోయిన ఎరోజన్ సాధారణంగా మచ్చ మిగల్చకుండా మానుతుంది, డెర్మిస్ దాకా దిగిన పుండు మాత్రం మచ్చ మిగులుస్తుంది. బొబ్బల సంగతీ ఇంతే. ఎపిడెర్మిస్ కణాల మధ్యే చీలిక వచ్చే పెంఫిగస్ అనే జబ్బులో బొబ్బ పైకప్పు పలుచగా ఉండి సులువుగా చిట్లుతుంది; ఎపిడెర్మిస్ మొత్తం డెర్మిస్ నుంచి విడిపోయే బుల్లస్ పెంఫిగాయిడ్ అనే మరో జబ్బులో అది బిగువుగా నిలుస్తుంది. చర్మంలో మార్పు ఏ పొరలో జరిగిందో ఊహించగలిగితే పేరు దానంతట అదే గుర్తుకొస్తుంది.

మీరు అడిగిన మూడు పేర్లకు కావలసింది చేతివేలు, ఒక స్కేలు. వేలికి తగలకుండా రంగు మాత్రమే మారిన చిన్న మచ్చ మాక్యూల్, ఉబ్బెత్తుగా తగిలే చిన్నది పాపుల్, సుమారు 1 సెంటీమీటరు దాటి పైభాగం చదునుగా పరుచుకున్నది ప్లాక్. కొన్ని పాఠ్యపుస్తకాలు ఈ హద్దును 0.5 సెంటీమీటర్లుగా పెడతాయి కాబట్టి మీ పరీక్షకు ఏది ప్రమాణమో అధ్యాపకులను అడిగి తెలుసుకోండి. అంతకుమించి దాని గురించి మథనపడనవసరం లేదు.

ఈ వృత్తికి అసలు కావలసిన గుణం, జబ్బు పేరు నోటికి వచ్చేస్తున్నా దాన్ని కాసేపు ఆపుకొని, కనిపించినదాన్ని కనిపించినట్టు రాయగలగడం. శరీరంలో ఎక్కడ, ఎన్ని, ఏ అమరికలో, ఏ రంగులో ఉన్నాయి, అంచు స్పష్టంగా ఉందా, పైన పొలుసు ఉందా, చెక్కు కట్టిందా అన్నవి రాసి, ఆ వర్ణనను రోగిని చూడని సహాధ్యాయికి ఇచ్చి బొమ్మ గీయమనండి. ఎక్కడ బొమ్మ తప్పితే అక్కడ మీ వర్ణన చాలలేదని తెలుస్తుంది. నల్లని చర్మంపై ఎరుపుదనం ఊదాగానో ముదురు గోధుమగానో కనిపించవచ్చు. చాలా పాఠ్యపుస్తకాల్లోని ఫొటోలు తెల్లని చర్మానివే కావడంతో విద్యార్థులు ఇక్కడే ఎక్కువగా పొరబడతారు.

ఈ విభాగమంటే సౌందర్య చికిత్సలేనన్న అభిప్రాయం మీకుంటే దాన్ని సవరించుకోవాలి. మందు వికటించి ఎపిడెర్మిస్ పొరలుగా ఊడిపోయే టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రోలిసిస్‌లో రక్షణ కవచం పోయి, ద్రవాలు నష్టమై, ఇన్‌ఫెక్షన్ సోకి ప్రాణాపాయం ఏర్పడుతుంది. అలాంటి రోగి పక్కన నిలబడవలసిందీ చర్మవైద్యులే. ప్రాథమిక వైద్య పట్టా తర్వాత ప్రత్యేక శిక్షణకు వెళ్లేలోగా చర్మవిభాగం ఓపీలో కొన్నాళ్లు కూర్చోండి. రోగిని చూడటం కంటే బయాప్సీ స్లైడ్లే మిమ్మల్ని ఎక్కువగా ఆకర్షిస్తే, చర్మపు ముక్కలను మైక్రోస్కోపులో చూసి జబ్బును గుర్తించే డెర్మటోపాథాలజీ గురించి కూడా ఇప్పుడే వాకబు చేయడం మంచిది.