టెక్ సందేహాలు: బ్రేక్ తొక్కితే ఇండికేటర్ ఎందుకు వెలుగుతోంది?

ప్రశ్న: నా కారు 2021 మోడల్. బ్రేక్ తొక్కినప్పుడల్లా ఎడమవైపు వెనక ఇండికేటర్ కూడా మసకగా వెలిగేది. బల్బులు తీసేసి ఎల్ఈడీలు వేయించాను. ఆ మసక వెలుగు పోయింది కానీ బ్రేక్ లైటు అప్పుడప్పుడు మిణుకుమంటోంది. పైగా డ్యాష్‌బోర్డు మీద బల్బు పోయిందని వార్నింగ్ వస్తోంది. వైరు కట్ చేసి రెసిస్టర్ పెడితే సరిపోతుందని షాపువాళ్లు అంటున్నారు. పెట్టించమంటారా? – ఖమ్మం నుంచి ఒక పాఠకుడు

జవాబు: వద్దు. వానలు మొదలైతే చాలు, ఇదే ప్రశ్న వరసగా వస్తుంది. అందరూ బల్బు మార్చేశాకే అడుగుతారు. మీ లక్షణాలను బట్టి చూస్తే అనుమానించాల్సింది బల్బును కాదు, ఎర్త్‌ను, అంటే కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారిని. బ్రేక్ లైటుకు వెళ్లిన కరెంటు బాడీకి చేరే దారిలో తుప్పు పడితే, అది పక్కనే ఉన్న ఇండికేటర్ బల్బు గుండా వెళ్లిపోతుంది. ఎల్ఈడీ తక్కువ కరెంటు తీసుకుంటుంది కాబట్టి ఆ లోపం బయటికి కనబడకుండా పోయింది, అంతే. తగ్గలేదు.

పాత బల్బులే మళ్లీ వేయించండి. ఒకరు బ్రేక్ తొక్కి పట్టుకుంటే, మల్టీమీటర్‌తో హోల్డర్ ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య వోల్టేజీ చూడమనండి. సున్నాకు దగ్గరగా ఉండాలి. అర వోల్టు దాటిందంటే దోషం అక్కడే. ఎర్త్ బోల్టు విప్పి గరుకు కాగితంతో రుద్దించండి, పిన్నుల మీద చిలుము పడితే హోల్డర్ మార్చండి.

ఇక రెసిస్టర్. ఎల్ఈడీ ఉన్నా పాత బల్బంత కరెంటు లాగి, ఆ వార్నింగ్ రాకుండా చేయడానికి దాన్ని పెడతారు. 12 వోల్టుల దగ్గర 6 ఓమ్‌ల రెసిస్టర్ 2 ఆంపియర్లు లాగుతుంది. అంటే బ్రేక్ మీద కాలు ఉన్నంతసేపూ 24 వాట్ల వేడి. ట్రాఫిక్ జామ్‌లో అది ప్లాస్టిక్‌కు తగిలితే కరిగిస్తుంది.

నన్ను అంతకంటే భయపెట్టేది ఆ 'వైరు కట్ చేసి' అన్న మాట. ఇప్పటి చాలా కార్లలో భాగాలన్నీ క్యాన్ అనే నెట్‌వర్క్ మీద మాట్లాడుకుంటాయి. కొన్నింటిలో లైట్ల దాకా ఆ తీగలే వెళ్తాయి. 2022లో లండన్‌లో ఒక వాహన సైబర్ భద్రతా నిపుణుడి కారే పోయింది. దొంగలు ముందు బంపర్ లాగి, హెడ్‌లైటు దగ్గరి తీగలకు చిన్న పరికరం తగిలించారు. సరైన తాళమే వచ్చిందని అది కారును నమ్మించింది. ఆ తరహా పరికరాన్ని బ్లూటూత్ స్పీకర్ డబ్బాలో దాచి అమ్ముతున్నారని తర్వాత తేలింది. లోపలి నుంచి వచ్చే ప్రతి సందేశాన్నీ గుడ్డిగా నమ్మే కారును తయారు చేయడం క్షమించరాని నిర్లక్ష్యం. అలాంటి కారులో ఏ తీగ ఏమిటో తెలియని మనిషి చేతికి కట్టర్ ఇవ్వకండి. ఒకదానికొకటి మెలితిప్పిన జంట తీగలు కనిపిస్తే, అవి క్యాన్ తీగలు కావచ్చు, అస్సలు ముట్టుకోనివ్వకండి. ఓబీడీ పోర్టులో (మెకానిక్‌లు కారు లోపాలు చదివే సాకెట్) చవక డాంగిల్ (ఫోనుకు సమాచారం పంపే చిన్న పరికరం) పెట్టి మరిచిపోవడం కూడా ఇలాంటి తప్పే.

మీరు అడగకపోయినా ఇంకో మాట. సాయంత్రం విజయవాడ హైవే మీద చూడండి, ముందు డీఆర్ఎల్‌లు (పగటిపూట వాటంతట అవే వెలిగే లైట్లు) ధగధగలాడుతుంటాయి, వెనక చీకటి. చాలా కార్లలో డీఆర్ఎల్ వెలిగితే టెయిల్ లైట్లు వెలగవు. డ్యాష్‌బోర్డు మాత్రం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి లైట్లు వేశామనే డ్రైవర్ అనుకుంటాడు. కెనడా 2021 సెప్టెంబరు నుంచి కొత్త వాహనాల్లో దీనికి పరిష్కారం తప్పనిసరి చేసింది: డీఆర్ఎల్‌తో పాటు టెయిల్ లైట్లూ వెలగాలి, లేదా చీకట్లో లైట్లన్నీ వాటంతట అవే వెలగాలి, అదీ కాకపోతే డ్యాష్‌బోర్డు చీకటిగా ఉండిపోవాలి. క్యాబిన్ రంగులు మార్చడానికి అప్‌డేట్లు పంపగల కంపెనీలు ఇది ఎందుకు చేయవు? ముందు చేయాల్సింది ఇదే కదా. వాళ్లు చేసేదాకా, వాన పడినా మబ్బు పట్టినా లైట్ల స్విచ్ మీరే తిప్పండి. టెయిల్ లైట్ల మీద నల్ల ఫిల్మ్ అంటించి ఉంటే ఈ రోజే పీకేయండి.