రిలే అంటుకునేది ఒక వోల్టేజీ దగ్గర, వదిలేది మరో వోల్టేజీ దగ్గర

ప్రశ్న: 12 వోల్టుల రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చి) కాయిల్‌కు, అంటే దాని తీగచుట్టకు, సరఫరాను కొద్దికొద్దిగా పెంచుతూ పోతే 8 వోల్టుల దగ్గర అంటుకుంది, తిరిగి తగ్గిస్తే మాత్రం 3 వోల్టుల దాకా వదలలేదు. రిలే పాడైనట్టా? కాయిల్‌కు డయోడు (కరెంటును ఒక దిశలోనే పోనిచ్చే భాగం) కలపడం నిజంగా అవసరమా?

జవాబు: మీ రిలే నిక్షేపంగా ఉంది. కాయిల్‌లో కరెంటు ప్రవహించినప్పుడు లోపలి ఇనుప కడ్డీ అయస్కాంతమై, స్ప్రింగు వెనక్కి పట్టి ఉంచిన ఆర్మేచర్ అనే ఇనుప రేకును లాగుతుంది. దానితోపాటు కదిలే కామన్ కాంటాక్టు, అంతవరకూ తాకి ఉన్న ఎన్‌సీని (మామూలుగా మూసి ఉండే కాంటాక్టును) విడిచి ఎన్‌వోను (మామూలుగా తెరిచి ఉండే కాంటాక్టును) తాకుతుంది. రేకు ఇంకా దూరంగా ఉన్నప్పుడు మధ్యనున్న గాలి సందు అయస్కాంత ప్రవాహాన్ని బాగా అడ్డుకుంటుంది కనుక దానిని కదిలించడానికి ఎక్కువ కరెంటు కావాలి. అంటుకున్నాక ఆ సందు దాదాపు మూసుకుపోయి, అదే కరెంటుకు ఆకర్షణ ఎన్నో రెట్లు పెరుగుతుంది. పట్టి ఉంచడానికి అందులో కొద్ది భాగమే సరిపోతుంది. ఇటువంటి చిన్న రిలేలకు తయారీదారులు సాధారణంగా ఇచ్చే హామీ కూడా ఇదే: 9 వోల్టులకు చేరేలోగా అంటుకోవాలి, 1.2 వోల్టులకు దిగేలోగా వదలాలి. మీ కొలతలు రెండూ ఈ హద్దుల్లోనే ఉన్నాయి.

ఈ తేడాను లోపం అనుకోనక్కరలేదు. రెండూ ఒకే వోల్టేజీ దగ్గర జరిగేటట్టయితే, సరఫరా ఆ అంచున ఏమాత్రం ఊగినా రిలే టకటక కొట్టుకుంటూ కాంటాక్టులను కాల్చేసుకునేది.

ఇక డయోడు విషయం. ట్రాన్సిస్టర్‌తో (ఎలక్ట్రానిక్ స్విచ్చిలా పనిచేసే భాగంతో) రిలేను నడిపేటప్పుడు అది తప్పనిసరి. 400 ఓమ్‌ల కాయిల్‌లో ప్రవహించేది 30 మిల్లీఆంపియర్లే అయినా, దారి హఠాత్తుగా తెగితే ఆ కరెంటును ఆగనివ్వకుండా కాయిల్ తనంతట తానే వందల వోల్టులు పుట్టించగలదు. కొన్ని పదుల వోల్టులకు మించి తట్టుకోలేని ట్రాన్సిస్టర్ అక్కడే బలైపోతుంది. క్యాథోడు (డయోడులోంచి కరెంటు బయటికి వచ్చే కొన) ప్లస్ వైపు ఉండేలా కాయిల్‌కు సమాంతరంగా డయోడు కలిపితే, ఆ కరెంటు కాయిల్‌లోనే తిరిగి చల్లారుతుంది. దీనికీ ఒక మూల్యం ఉంది, దాన్ని చాలామంది ప్రస్తావించరు: కరెంటు నెమ్మదిగా తగ్గుతుంది కనుక రిలే కొంత ఆలస్యంగా వదులుతుంది, కాంటాక్టులు మెల్లగా విడిపోతాయి, వాటి మధ్య ఆర్క్ (విద్యుత్ మెరుపు) మరికాస్త సేపు మండుతుంది. మీ రిలే బరువైన డీసీ లోడును తెంచవలసి ఉంటే, డయోడుకు ఎదురు దిశలో ఒక జీనర్‌ను (నిర్ణీత వోల్టేజీ దాటితే ఎదురు దిశలోనూ కరెంటును పోనిచ్చే డయోడును) సిరీస్‌లో కలపండి. రిలే చురుగ్గా వదులుతుంది. అయితే జీనర్ వోల్టేజీ, సరఫరా వోల్టేజీ రెండూ కలిపినా ట్రాన్సిస్టర్ తట్టుకునే పరిమితిని దాటకుండా చూసుకోండి.