శుభలేఖలు, ఫ్లెక్సీలు, పాస్‌పోర్టు ఫొటోలు: ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో షాపు నడుస్తుందా?

మీరు అడిగింది ఇదీ: పాలకొల్లు దగ్గర చిన్న జిరాక్స్, డీటీపీ (కంప్యూటరులో అక్షరాలు కొట్టి పేజీలు కూర్చే పని) షాపు పెడుతున్నారు. ఫొటోషాప్, ఎంఎస్ ఆఫీసు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్, లెక్కలు రాసే టాలీ అన్నీ కొనే స్తోమత లేదు. క్రాక్ (డబ్బు కట్టకుండా లైసెన్సు తాళం విరగ్గొట్టిన కాపీ) వేయాలంటే భయం. ఫ్రీవి వేసుకుంటే పని నడుస్తుందా అని.

నడుస్తుంది. రాజోలు వైపు బస్టాండు పక్కన నాదీ ఇలాంటి షాపే. మొదటి ఆరేళ్లు నేనూ క్రాకులతోనే నడిపాను. 2019 మాఘమాసంలో ఒకరోజు పొద్దున్నే షట్టరు తీసి సిస్టం ఆన్ చేస్తే ప్రతి ఫైలు పేరు చివరా తోకలాగా ఏవో పిచ్చి అక్షరాలు. ఒక్కటీ తెరుచుకోలేదు. డెస్క్‌టాప్ మీద ఒక చీటీ: డాలర్లు పంపితే తాళం తీస్తామని. ముందురోజు రాత్రి ఏదో ప్లగిన్ క్రాక్ కోసం యాంటీవైరస్ ఆపి మరీ ఇన్‌స్టాల్ చేసింది నేనే, ఎవరినీ అనడానికి లేదు. అప్పటికే శుభలేఖ ప్రూఫ్ చూసుకోవడానికి పెళ్లివారు వచ్చి కూర్చున్నారు. "ఏవైందండీ, కరెంటు లేదా?" అని పెద్దాయన అడిగితే "అవునండీ" అనేశాను. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది.

ఆరేళ్ల డిజైన్లు పోయాయి. అప్పుడు మొదలుపెట్టాను ఈ ఫ్రీ సాఫ్ట్‌వేర్ సంగతి. మారడంలో నాకు బాగా ఇబ్బంది పెట్టింది ప్రోగ్రాములు కాదు, తెలుగు ఫైళ్లు. అందుకే ముందు ఫాంట్ల సంగతి చెబుతాను.

మన దగ్గర డీటీపీ అంటే ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లు, యాపిల్ కీబోర్డు అనే తెలుగు టైపింగు లేఅవుట్. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. ఇన్నేళ్లయినా దాన్నే పట్టుకుని వేలాడుతున్నామంటే కారణం అలవాటు ఒక్కటే కాదు. అను లాంటి పాత పద్ధతి ఫాంట్లలో తెలుగు అక్షరం కంప్యూటరు లెక్కలో తెలుగు అక్షరం కాదు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన గళ్లలో తెలుగు ముక్కలు పెట్టి ఉంటాయి, గుణింతం ఒక గడిలో, వత్తు ఇంకో గడిలో. ఫాంటు ఉన్న సిస్టంలో "చి.ల.సౌ." అని ముచ్చటగా కనిపించేది, ఫాంటు లేనిచోట తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగలిసి పురుగులు పాకినట్టు ఉంటుంది. అది చేసినవాళ్ల తప్పు కాదు, అప్పట్లో వేరే దారి లేదు. కానీ ఇప్పుడు షాపు పెడుతున్న మీరు మొదటి రోజు నుంచే, ప్రతి తెలుగు అక్షరానికీ సొంత గడి ఉన్న యూనికోడ్ పద్ధతిలో కొట్టండి. పాతవి మార్చడానికి కన్వర్టర్లు ఉన్నాయి గానీ, మార్చాక ప్రతి పేరూ కళ్లతో చూసుకోవాల్సిందే. పెళ్లికొడుకు పేరులో వత్తు ఎగిరిపోతే కార్డులన్నీ మన నెత్తిన పడతాయి.

యూనికోడ్‌లో మంచి ఫాంట్లు లేవని ఎవరైనా అంటే నమ్మకండి. సిలికానాంధ్ర వాళ్లు విడుదల చేసిన మండలి, రామభద్ర, ధూర్జటి, సూరన్న, పెద్దన, గిడుగు, తెనాలి రామకృష్ణ, ఇంకా చాలా ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. వాటిది ఓపెన్ ఫాంట్ లైసెన్సు, అంటే కార్డు వేసి డబ్బు తీసుకున్నా అడిగేవాళ్లు లేరు. నేను హెడ్డింగుకు రామభద్ర, లోపలి మేటరుకు మండలి వాడతాను. యాపిల్ కీబోర్డుకు వేళ్లు అలవాటైన ఆపరేటరు మీ దగ్గర చేరితే భయపడక్కర్లేదు. విండోస్‌కు బదులు వాడే ఉచిత లినక్స్‌లో ఐబస్ అనే టైపింగు ప్రోగ్రాం పెట్టుకుంటే ఆ లేఅవుట్ కూడా దొరుకుతుంది, ఇన్‌స్క్రిప్ట్ అనే ఇంకో లేఅవుట్ సరేసరి.

శుభలేఖ, విజిటింగ్ కార్డు, ఓణీల ఫంక్షన్ ఆహ్వానం లాంటి ఒక పేజీ పనులకు ఇంక్‌స్కేప్ చాలు. కార్డులు, బొమ్మలు గీసే కోరల్‌డ్రాకు బదులు అనుకోండి. ప్రెస్సుకు పంపేముందు అక్షరాలన్నీ సెలెక్ట్ చేసి, పాత్ మెనూలో ఆబ్జెక్ట్ టు పాత్ నొక్కి గీతలుగా మార్చి పీడీఎఫ్ ఇవ్వండి. ఇక వాళ్ల దగ్గర ఏ ఫాంటు ఉన్నా లేకున్నా మనకు టెన్షన్ లేదు. మార్చకముందు ఫైలు వేరే పేరుతో దాచుకోవడం మరిచిపోవద్దు, గీతలయ్యాక ముహూర్తం మారిందంటే దిద్దడానికి ఏమీ మిగలదు. నేను ఒకసారి మరిచిపోయి కార్డు మొత్తం మళ్లీ కొట్టాను.

పుస్తకాలు, గుడి కరపత్రాలు, స్కూలు సావనీర్లు వస్తే పేజ్‌మేకర్‌కు బదులు స్క్రైబస్. దీని పాత 1.4 వెర్షన్‌లో "లక్ష్మి" అని కొడితే వత్తులు కిందికి దిగేవి కావు, క్, ష్, మి అని పొల్లులతో విడివిడిగా వరసలో నిలబడేవి. అది చూసే చాలామంది దీన్ని వదిలేశారు. 2024లో వచ్చిన 1.6లో తెలుగు సరిగ్గా కూర్చుంటుంది. ఆఫ్‌సెట్ ప్రెస్సు అడిగే సీఎంవైకే (నాలుగు సిరాల రంగుల లెక్క) పీడీఎఫ్ కూడా దీంట్లోంచే తీస్తాను.

ఫొటోషాప్ స్థానంలో జింప్. మొదటి నెల తిట్టుకుంటారు, మెనూలన్నీ వేరే చోట ఉంటాయి. పాస్‌పోర్టు ఫొటో పద్ధతి మాత్రం చెబుతాను, రోజుకు పదిసార్లు పనికొస్తుంది. క్రాప్ టూల్‌లో నిష్పత్తి 35:45 పెట్టి కత్తిరించండి. ఇమేజ్ సైజు 413 × 531 పిక్సెళ్లు చేయండి, 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) అది 3.5 × 4.5 సెంటీమీటర్లు. తర్వాత కాన్వాస్ సైజు 450 × 600కు పెంచి ఫొటోను మధ్యలో పెట్టండి. బ్యాక్‌గ్రౌండ్ రంగు తెలుపు ఉంచి ఫ్లాటెన్ చేస్తే (పొరలన్నీ ఒకటి చేస్తే) చుట్టూ తెల్ల అంచు వస్తుంది. ఇక ఫిల్టర్స్‌లో మ్యాప్, అందులో టైల్, సైజు 1800 × 1200. ఎనిమిది ఫొటోలు 4 × 6 అంగుళాల కాగితం మీద గీత గీసినట్టు కూర్చుంటాయి. అలవాటైతే రెండు నిమిషాల పని.

జింప్‌తో చిక్కు ఎక్కడంటే, పక్క ఊరి డిజైనరు పీఎస్‌డీ (ఫొటోషాప్ ఫైలు) పంపితే తెరుస్తుంది గానీ అందులో అక్షరాలు దిద్దే వీలు లేకుండా బొమ్మలా వస్తాయి. అలాంటప్పుడు ఫొటోపీ వాడతాను. బ్రౌజరులో నడుస్తుంది, ఫైలు మన సిస్టంలోనే ఉంటుంది, వాళ్ల సర్వరుకు వెళ్లదు. ప్రకటనలు భరించాలి. ఇది ఉచితమే గానీ, జింప్ లాగా సోర్సు కోడ్ బయటపెట్టిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు. ఆ తేడా షాపువాళ్లకు ముఖ్యం. కొన్ని ప్రోగ్రాములు ఇంట్లో వాడుకుంటేనే ఫ్రీ, షాపులో వాడితే లైసెన్సు కొనాలి. జింప్, ఇంక్‌స్కేప్, స్క్రైబస్, లిబ్రెఆఫీస్‌లకు ఆ షరతు లేదు.

ఎంఎస్ ఆఫీసుకు బదులు వాడే లిబ్రెఆఫీస్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, దరఖాస్తులు, బయోడేటాలు, అఫిడవిట్లు హాయిగా సాగిపోతాయి. మా దగ్గరికి వచ్చే రొయ్యల చెరువుల ఆయన మేత లెక్కల ఎక్సెల్ షీటు అందులోని కాల్క్‌లో తెరిస్తే కూడికలన్నీ సరిగ్గానే వచ్చాయి, ఆయన అల్లుడు రాసిచ్చిన మాక్రో బటన్ (నొక్కితే కొన్ని పనులు వాటంతటవే జరిగేది) ఒక్కటి పనిచేయలేదు. వర్డ్ ఫైలులో కాలిబ్రి ఫాంటు ఉండి పేజీలు చెదిరితే కార్లిటో వేయండి. అక్షరాల వెడల్పులు దానికి సమానంగా ఉంటాయి, లైన్లు మళ్లీ చోటికి వస్తాయి.

టాలీకి మాత్రం డబ్బు కట్టాను. ఉచిత లెక్కల ప్రోగ్రాం గ్నూక్యాష్ మంచిదే, నా సొంత లెక్కలు అందులోనే. కానీ కొబ్బరి వ్యాపారుల లెక్కలు రాసిపెడితే వాళ్ల ఆడిటరు గారికి టాలీ డేటానే కావాలి, అక్కడ వాదించి లాభం లేదు. మీరు లెక్కల పని తీసుకోకపోతే అది కొననే వద్దు. పిల్లలకు నేర్పడానికైతే దాని ఎడ్యుకేషనల్ మోడ్ ఉచితం, నెలలో 1, 2, 31 తేదీల ఎంట్రీలే తీసుకుంటుంది.

ఏది దించుకున్నా దాని సొంత సైటు నుంచే దించుకోండి. వెతికితే పైన కనిపించే ప్రకటనల లింకుల్లో నకిలీవి ఉంటాయి, మళ్లీ నా 2019 కథే అవుతుంది. బ్యాకప్ డిస్కు రాత్రి కాపీ అయ్యాక పీకి పెట్టెలో పెట్టండి, తగిలించే ఉంచితే వైరస్ దాన్నీ తినేస్తుంది.

అన్నీ ఒకేసారి మార్చాలని చూడకండి. సంక్రాంతి ముందు ప్రభల తీర్థం ఫ్లెక్సీల హడావుడిలో కొత్త ప్రోగ్రాం ముట్టుకుంటే చేతులు వణుకుతాయి. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, షాపు ఖాళీ. నేను ఇంక్‌స్కేప్ నేర్చుకున్నది ఆ నెలలోనే, పోయిన కార్డుల్లో గుర్తున్నవి రోజుకొకటి చొప్పున మళ్లీ గీసుకుంటూ.