వంటింటి జాబులు: చాక్లెట్ ముందు, పిప్పరమెంటు వెనక

డిసెంబరులో నాకొచ్చే జాబులు మామూలుగా ఫ్రూట్ కేక్ గురించే ఉంటాయి. ఈసారి అమెరికాలో ఉన్న కూతుళ్ళు, కోడళ్ళు పంపే వీడియోల పుణ్యమా అని కడప, అనంతపురం, కర్నూలు వైపు నుంచి అందరూ ఒకటే అడిగారు: చాక్లెట్-పిప్పరమెంటు కుకీలు. కడపలో మా బేకరీ కౌంటరు చూసుకున్నన్నాళ్ళు వీటిని ఎవరూ అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు మా మిద్దె మీద సాయంత్రాలు బేకింగ్ నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు మొదటి రోజే ఇవి కావాలంటున్నారు.

జాబులకు ముందు అందరికీ పనికొచ్చే కొలత చెప్పేస్తాను. ఉప్పున్న బటర్ 100 గ్రాములు, చక్కెర 120 గ్రాములు, ఒక గుడ్డు, మైదా 130, తీపి లేని కోకో పొడి 30, వంట సోడా పావు టీ స్పూను, ముక్కలుగా తరిగిన డార్క్ చాక్లెట్ 80 గ్రాములు, పెప్పర్‌మింట్ ఎసెన్సు అర టీ స్పూను. బటర్, చక్కెర బాగా గిలక్కొట్టి, గుడ్డు, ఎసెన్సు కలిపి, జల్లించిన పొడులు వేసి, చివర చాక్లెట్ ముక్కలు. 25 గ్రాముల ఉండలు చేస్తే ఇరవై దాకా వస్తాయి. ముందే వేడెక్కిన ఓవెన్‌లో 175 డిగ్రీల దగ్గర 10 నుంచి 12 నిమిషాలు.

*అక్కా, మా అమ్మాయి డాలస్ నుంచి కొలతలు పంపింది. పెప్పర్‌మింట్ ఒక టీ స్పూను అని ఉంటే అంతే వేశాను. నోట్లో పెట్టుకుంటే టూత్‌పేస్ట్ వాసన. మా ఆయన అయితే తలనొప్పి మందు బిస్కెట్లు అని పేరు పెట్టేశారు. ఎక్కడ తేడా వచ్చింది?*
(ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు)

తేడా మీ చేతిలో లేదమ్మా, సీసాలో ఉంది. అక్కడ వాళ్ళు వాడేది ఆల్కహాల్‌లో పలచగా కలిపిన ఎక్స్‌ట్రాక్ట్. మన అంగళ్ళలో ఎసెన్సు అనీ, ఫ్లేవర్ అనీ, ఆయిల్ అనీ రకరకాలు దొరుకుతాయి. ఒక్కో కంపెనీది ఒక్కో ఘాటు. సీసా మీద ఆయిల్ అని ఉంటే స్పూను పక్కన పెట్టేయండి. తినేవాటిలో వాడదగినదని దాని మీద రాసి ఉంటేనే తీసుకోండి, పైన చెప్పిన కొలతకు రెండు మూడు చుక్కలు మించొద్దు. మన దగ్గర దొరికే కొన్ని మింట్ ఎసెన్సుల్లో ఆకుపచ్చ రంగు కూడా కలిపి ఉంటుంది. చాక్లెట్ పిండిలో అది కనపడదు గానీ, నేనైతే రంగు లేనిదే కొంటాను.

పచారీ అంగట్లో దొరికే పిప్పరమెంటు పువ్వు వేయొచ్చా అని ఇంకో ఇద్దరు అడిగారు. సూదుల్లాంటి ఆ తెల్ల స్ఫటికాలు అచ్చంగా మెంథాల్. వాము పువ్వు, కర్పూరంతో కలిపి మందుగా వాడేది అదే. కుకీల్లో వద్దే వద్దు. పిల్లలున్న ఇంట్లో దాని పొట్లం కూడా అందనంత ఎత్తులో పెట్టండి.

ఎసెన్సును మైదాలో పోయకూడదు. పిప్పరమెంటు వాసన కొవ్వులో కరుగుతుంది కాబట్టి బటర్‌లో కలిపితే అన్ని ఉండలకూ సమంగా పడుతుంది. లేదంటే ఒక కుకీలో ఏమీ ఉండదు, పక్కదానిలో ముక్కు అదిరిపోతుంది. పిండి మొత్తం ఒకేసారి ఓవెన్‌లోకి తోయకుండా ముందు ఒకే ఒక్కటి కాల్చి, పూర్తిగా చల్లారాక రుచి చూడండి. కొరికితే ముందు చాక్లెట్ తెలియాలి. నమిలి మింగాక, ఊపిరి పీల్చినప్పుడు నోట్లో చల్లదనం తెలియాలి. అంతకంటే ఎక్కువ నాకు నచ్చదు.

ఇప్పటికే కాల్చినవి పారేయకండి. ఒక రాత్రి మూత లేకుండా పళ్ళెంలో ఉంచితే కొంత ఘాటు పోతుంది. తర్వాత పొడి చేసి వెనీలా ఐస్‌క్రీమ్ మీద చల్లండి, మీ ఆయనే ఇంకోసారి అడుగుతారు. ఒకటి మాత్రం గుర్తు పెట్టుకోండి. వీటిని పండక్కి చేసిన కర్జికాయలు, అత్తిరసాల డబ్బాలో పెట్టారా, తెల్లారేసరికి అన్నీ పిప్పరమెంటు వాసనే.

*ఎసెన్సు ఎందుకు మేడం, పెరట్లో పుదీనా ఉంది కదా. నూరి వేస్తే కాదా?*
(ఒక విద్యార్థిని, మైదుకూరు)

కాదు తల్లీ. మనం పచ్చడి చేసుకునే పుదీనా ఎక్కువగా స్పియర్‌మింట్ రకం. దాని వాసన కార్వోన్ అనే పదార్థానిది. పెప్పర్‌మింట్ అనేది ఆ స్పియర్‌మింట్‌కూ, నీటి ఒడ్డున పెరిగే ఇంకో పుదీనాకూ పుట్టిన సంకరం. అందులో ఎక్కువగా ఉండేది మెంథాల్. నోట్లో చలిని పసిగట్టే నరాల్ని అది తట్టి లేపుతుంది, అందుకే ఏమీ చల్లబడకపోయినా చల్లగా అనిపిస్తుంది. పుదీనా నూరి వేస్తే చల్లదనం రాదు, పచ్చి ఆకు వాసన వస్తుంది, పైగా దాని తడికి పిండి జారుతుంది. ఆ పుదీనాతో పచ్చడే చేసుకో, బుడ్డలు వేసి.

*ట్రేలో ఉండలు దూరం దూరంగానే పెట్టాను. తీసేసరికి అన్నీ కలిసిపోయి దోసెల్లా పలచగా అయ్యాయి. మైదా తక్కువైందా?*
(ఒక పాఠకుడు, అనంతపురం)

మైదా కావచ్చు గానీ బాబూ, నా అనుమానం బటర్ మీద. డిసెంబరైనా మన దగ్గర మధ్యాహ్నం ముప్పై డిగ్రీల దాకా ఉంటుంది. పక్కన ఓవెన్ వెలుగుతున్న వంటింట్లో ఇంకా ఎక్కువే. బటర్ ముప్పై రెండు, ముప్పై అయిదు మధ్య కరిగిపోతుంది, మెత్తబడటం చాలా ముందే మొదలవుతుంది. అంటే మీ ఉండలు ఓవెన్‌లోకి పోకముందే సగం జారాయన్నమాట.

గిలక్కొట్టే ముందు బటర్‌ను వేలితో నొక్కి చూడండి. గుంట పడాలి, వేలు లోపలికి దిగిపోకూడదు, పైన జిడ్డు మెరుపు కనపడకూడదు. ఉండలు చేశాక గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. ఈ గంట మిగుల్చుకుందామని చూసేవాళ్ళకే నాకు జాబు రాసే అవసరం పడుతుంది. మొదటి వాయి తీసిన వేడి ట్రే మీద రెండో వాయి పెట్టకండి, అది తగలగానే అడుగు కరుగుతుంది. రెండో ట్రే లేకపోతే కుళాయి కింద చల్లార్చి, బాగా తుడిచి వాడండి.

ఇంట్లో తీసిన వెన్న వాడారేమో కూడా చూసుకోండి. అందులో మజ్జిగ నీళ్ళు ఎంత మిగిలాయో ఎవరూ చెప్పలేరు, ఈ పనికి ప్యాకెట్ బటరే మేలు. నెయ్యే వాడాలనుకుంటే 100 గ్రాముల బటర్‌కు బదులు 80 గ్రాముల గడ్డ నెయ్యి, నాలుగు టీ స్పూన్ల పాలు, చిటికెడు ఉప్పు. అప్పుడు నానకటాయి తరహాలో పొడిపొడిగా విరుగుతాయి. మా ఇంట్లో పెద్దవాళ్ళకు అవే ఇష్టం.

తీసే సమయం కూడా చెప్పాలి. అంచులు గట్టిపడి, నడుమ ఇంకా పచ్చిగా, తడిగా కనిపిస్తున్నప్పుడే తీసేయాలి. చాక్లెట్ రంగులో మాడింది తెలియదు కాబట్టి, నడుమ కూడా గట్టిపడేదాకా చూద్దామనుకుంటే చల్లారాక పంటికి లొంగవు. బయట అయిదు నిమిషాలు ట్రే మీదే వదిలేస్తే అవే కుదురుకుంటాయి.

*పాలల్లో కలుపుకునే చాక్లెట్ పొడి కోకోకు బదులు వేయొచ్చా?*
(ఒక పాఠకురాలు, గుత్తి)

వద్దు. అందులో చక్కెరే ఎక్కువ, కోకో తక్కువ. తీపి పెరిగి చాక్లెట్ రుచి పోతుంది.

*పైన ఎర్ర గీతల పిప్పరమెంటు బిళ్ళలు చితక్కొట్టి చల్లి కాల్చాను. కరిగి గాజు పెంకుల్లా అంటుకున్నాయి. మిగిలిన పొడి డబ్బాలో బంకగా మారింది.*
(ఒక టీచరమ్మ, నంద్యాల)

ఆ బిళ్ళలు ఓవెన్‌లోకి పోకూడదు టీచరమ్మా. కుకీలు కాలి పూర్తిగా చల్లారాక, కరిగించిన చాక్లెట్‌లో సగం దాకా ముంచి, చాక్లెట్ మెరుపు తగ్గుతూ ఇంకా అంటుకునేలా ఉన్నప్పుడు చల్లండి. బిళ్ళల్ని పాత పలచటి గుడ్డలో మూట కట్టి చపాతీ కర్రతో కొట్టండి. తర్వాత టీ జల్లెడలో వేసి దులిపితే పిండి కిందికి పోయి, బియ్యపు గింజంత పలుకులు పైన మిగులుతాయి. చల్లాల్సింది వాటినే. గాలిలో తడి పీల్చుకుని బంకగా మారడం చక్కెర నైజం, కాబట్టి ఆ రోజుకు కావలసినంతే కొట్టుకోండి.

ముంచడానికి కాంపౌండ్ చాక్లెట్ చాలు. అందులో కోకో బటర్‌కు బదులు వేరే కొవ్వు ఉంటుంది కాబట్టి కరిగించి ముంచితే దానంతటదే గట్టిపడుతుంది. అసలు చాక్లెట్ రుచి మెరుగే, కానీ లెక్కగా వేడిచేసి చల్లార్చకపోతే పైన తెల్లటి చారలు వస్తాయి. ఏదైనా సరే, కరిగించేటప్పుడు ఒక్క నీటి చుక్క పడినా గడ్డకట్టి ఇసుక ఇసుకగా అవుతుంది. వేడి నీళ్ళ గిన్నె మీద చాక్లెట్ గిన్నె పెట్టి కరిగించండి, కింద గిన్నెలో నీళ్ళు తెర్లనివ్వకండి.

*ఓవెన్ లేదు, ఇంట్లో గుడ్డు తినరు. మాకు దారి ఏదైనా ఉందా అక్కా?*
(ఒక పాఠకురాలు, ఆదోని)

ఉంది. గుడ్డు బదులు మూడు టేబుల్ స్పూన్ల పాలు పోయండి, కొంచెం గట్టిగా వస్తాయి, అంతే. ఓవెన్ బదులు పాత కుక్కర్ తీసుకుని గ్యాస్కెట్, విజిల్ తీసేయండి. అడుగున అంగుళం మందాన ఉప్పు పోసి, స్టాండు పెట్టి, మూత వేసి పది నిమిషాలు మధ్య మంట మీద వేడి చేయండి. తర్వాత నెయ్యి రాసిన పళ్ళెంలో ఉండలు పెట్టి, మంట తగ్గించి పదిహేను, ఇరవై నిమిషాలు. మూత మీద చేరిన నీళ్ళు కుకీల మీద పడకుండా తీసేటప్పుడు అడ్డంగా లాగండి. వాయికి అయిదారు మించి పెట్టకండి. ఎక్కువ కావాలంటే పిండి చేసుకుని తెలిసిన బేకరీకి తీసుకెళ్ళి కాల్చిమ్మని అడగండి. క్రిస్మస్ ముందు రెండు మూడు రోజులు మాత్రం వద్దు, ఓవెన్‌లో కేకులకే చోటుండదు.