నాన్న బండి మీద జోకు

ప్రశ్న: అమ్మా, మాది ఒడిశాలోని గుణుపురం. పెళ్ళయ్యాక బరంపురంలో ఉంటున్నాం. మా నాన్న గుణుపురంలో టిఫిన్ బండి నడుపుతారు. మా ఆడపడుచు భర్త, నాకు వరసకి అన్నయ్య, ఎక్కడున్నా జోకులేసి అందర్నీ నవ్విస్తుంటారు. మొన్న మా బాబు పుట్టువెంట్రుకలకి నాన్న అరిసెల డబ్బా పట్టుకుని వచ్చారు. అన్నయ్య దాని మూత తీసి, "బాబాయిగారూ, బండి మూసి వచ్చారా, బండినే తెచ్చేశారా? ప్లేటు ఎంత?" అని పది రూపాయల నోటు తీసి నాన్న చొక్కా జేబులో పెట్టారు. పక్కింటివాళ్ళకి అర్థం కాలేదని అదే మాట మళ్ళీ ఒడియాలో చెప్పారు. అందరూ నవ్వారు. మా ఆయన నవ్వారు, నాన్నా నవ్వారు, నేనూ నవ్వేశాను. అత్తగారు మాత్రం లోపలికి వెళ్ళిపోయారు. నాన్న ఆ నోటు బాబు చేతిలో పెట్టి, రైలుకి టైమైందని భోజనం చెయ్యకుండానే వెళ్ళిపోయారు. నాన్నకి హోటల్ ఉందని ఇక్కడ ఇరుగుపొరుగుకి నేను చెప్పుకున్నాను, అందుకే నాకు ఇంకా తల కొట్టేసినట్టయింది. మా ఆయన్ని అడిగితే "బావ తీరే అంత, లైట్ తీసుకో" అంటారు. నేను మరీ సెన్సిటివా? దసరాకి అందరూ మళ్ళీ మా ఇంటికే వస్తారు. ఆయన నోరు మూయించే జవాబు ఏదైనా చెప్పండి. లేదంటే ఈసారికి నాన్నని పిలవకపోతే టెన్షన్ ఉండదేమో అనిపిస్తోంది.

జవాబు: నోరు మూయించే జవాబు నేను చెప్పను. జోకుకి జోకు వేస్తే అతనికి అదే పండగ. ఇంకోటి వేస్తాడు. పదిమందిలో గెలవడం అతనికి అలవాటు, నీకు కాదు. నువ్వు సెన్సిటివ్ కాదమ్మా. ఆ ప్రశ్న ఇక్కడితో వదిలెయ్యి.

నీ ఉత్తరంలో నన్ను ఆపినవి రెండు మాటలు. ఒకటి, "నేనూ నవ్వేశాను". రెండోది, "నాన్నని పిలవకపోతే". నువ్వు అన్నయ్య గురించి అడిగావు, మీ ఆయన గురించి బాధపడ్డావు. నాకు మాత్రం ఈ ఉత్తరమంతా నీకూ మీ నాన్నకూ మధ్య ఉన్న సంగతిగానే కనిపిస్తోంది.

ముందు ఆ జోకు సంగతి చూద్దాం. వేళాకోళం మన ఇళ్ళలో తప్పు కాదు. బావా మరదళ్ళు ఆడుకుంటారు. వియ్యంకులు మాటకి మాట అనుకుంటారు. పెళ్ళిళ్ళలో మగపెళ్ళివారు బంతిలో కూర్చుంటే ఆడపెళ్ళివారు వియ్యపురాలి మీద పాటలు కట్టి పాడేవారు. వాటిలో ఒక్కోటి వింటే చెవులు మూసుకోవాలి. అయినా ఎవరూ నొచ్చుకునేవారు కాదు. ఎందుకంటే అవతలివాళ్ళ దగ్గరా పాడేవాళ్ళు ఉండేవారు, వాళ్ళ వంతూ వచ్చేది. పెళ్ళి అయిపోగానే పాటా అయిపోయేది. పైగా ఆ పాటలు వియ్యపురాలి నడకనీ, నగలనీ, తిండినీ ఆటపట్టించేవి. ఫలానా ఆయన ఏ పని చేసి పిల్లల్ని పెంచాడు అనేది అందులోకి వచ్చేది కాదు.

మరి మీ నాన్నకి ఏ వంతు ఉంది? కూతురిని ఇచ్చిన ఇంట్లో నిలబడి ఉన్నారు. చుట్టూ అల్లుడి తరఫువాళ్ళు, చేతిలో డబ్బా. ఆయన ఒక్క మాట తిరిగి అంటే ఆ మాట పడేది అతని మీద కాదు, సాయంత్రం నీ మీద. అది తెలిసే నవ్వారు. తిరిగి అనలేని మనిషిని చూసుకుని అన్న మాటకి వేళాకోళం అని పేరు పెట్టడం నాకు ఇష్టం లేదు.

వరస చూసినా కుదరదు. నీకు అన్నయ్య అయితే మీ నాన్న అతనికి బాబాయి. అతనే ఆ పిలుపు పిలిచి, ఆ నోటితోనే ప్లేటు ఎంత అన్నాడు. బాబాయి జేబులో చిల్లర పెట్టే చనువు ఏ వరసలోనూ లేదు. పైగా ఒడియాలో మళ్ళీ చెప్పడం ఒకటి. ఇంట్లో తెలుగువాళ్ళ మధ్య అయిపోయిన మాటని పక్కవాళ్ళకి కూడా అందించాలంటే, నోరు జారింది అనడానికి వీల్లేదు. పెద్దమనిషిని ఎంతమందిలో తక్కువ చేస్తే అంత సరదా అనుకున్నాడు.

అతని గురించి ఇంతకంటే రాయను. ఇలాంటివాళ్ళు ప్రతి ఇంట్లో ఒకరుంటారు, మనం నవ్వినంతకాలం ఉంటారు.

ఇప్పుడు నీ సంగతి. అందరూ నవ్వుతుంటే మీ నాన్న ముందు ఎవరి వైపు చూసి ఉంటారు? నేను అక్కడ లేను. కానీ పదిమందిలో ఇరుకున పడ్డ తండ్రి కూతురి ముఖం చూస్తాడు. నువ్వు నవ్వుతున్నావు. భయంతో నవ్వావని నాకు తెలుసు. అత్తారింట్లో అందరూ నవ్వుతుంటే ఒక్కదానివే ముఖం మాడ్చుకుంటే తర్వాత ఏమవుతుందో ఆడపిల్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ నవ్వుకి నిన్ను నేను తిట్టను. కానీ ఆయన భోజనం చెయ్యకుండా వెళ్ళడానికి ఆ పది రూపాయల నోటు ఒక్కటే కారణం అనుకోకు.

హోటల్ అని చెప్పావు చూడు, నీకు ఎక్కువగా గుచ్చుకున్నది అదే. అన్నయ్య నాన్నని అవమానించాడని ఎంత బాధపడ్డావో, పక్కింటివాళ్ళకి బండి సంగతి తెలిసిపోయిందని కూడా అంతే బాధపడ్డావు. ఆ రెండో బాధ మీద నాకు సానుభూతి లేదు.

టిఫిన్ బండి అంటే ఏమిటో నువ్వు చూస్తూ పెరిగావు. మధ్యాహ్నం పప్పు నానబెట్టాలి, సాయంత్రం రుబ్బాలి, పిండి పులిసిందో లేదో పడుకునే ముందు చూసుకోవాలి. మన ఒడిశా ఊళ్ళలో ఇడ్లీ, ఉప్మా పెడితే చాలదు, ఘుగుని, అంటే బఠాణీ కూర, లేకపోతే బండి దగ్గర ఎవరూ ఆగరు, దానికి బఠాణీ రాత్రే నానాలి. తెల్లవారుజామునే పొయ్యి వెలగాలి. వానైనా చలైనా అంతే. ఒక్కరోజు బండి పెట్టకపోతే ఆ రోజు రాబడి పోతుంది, రోజూ వచ్చేవాళ్ళు పక్క బండికి అలవాటు పడతారు. మీ బాబు పుట్టువెంట్రుకలకి ఆయన ఆ రోజు రాబడి వదులుకుని వచ్చారు. నీకు అక్షరం ముక్క నేర్పిందీ, పెళ్ళి చేసిందీ ఆ బండే కదా. దాన్ని హోటల్ అని ఎందుకు చెప్పాలి? తండ్రి కష్టాన్ని దాచుకోవాల్సిన సంగతిగా చూసే పిల్లల్ని నేను ఒప్పుకోలేను, ఎన్ని కారణాలు చెప్పినా సరే. మనం దాచిన చోటే ఎవరైనా జోకేసి కొట్టగలరు. ఇకనుంచి ఎవరైనా అడిగితే "మా నాన్నకి గుణుపురంలో టిఫిన్ బండి ఉంది" అని మామూలుగా చెప్పు. గొంతు తగ్గించకు, సంజాయిషీ ఇవ్వకు. ఇది ముందు పక్కింటివాళ్ళకే చెప్పు. ఒడియాలో చెప్పాలంటే ఒడియాలోనే చెప్పు.

తర్వాత గుణుపురం వెళ్ళు. ఫోన్ చెయ్యకు. ఫోన్లో ఆయన "అబ్బే, నేనేమీ అనుకోలేదమ్మా" అంటారు, నువ్వు హాయిగా నమ్మేస్తావు. ఒకప్పుడైతే చిన్న రైల్లో నౌపడ దాకా వచ్చి అక్కడ మారాల్సి వచ్చేది. 2011లో పర్లాకిమిడి మీదుగా పెద్ద లైను వచ్చాక ఆ ఇబ్బంది కూడా లేదు. బాబుని తీసుకెళ్ళు. పొద్దున్న బండి దగ్గరికే వెళ్ళు, నలుగురూ తింటున్నప్పుడు పక్కన నిలబడి ప్లేట్లు అందించు. బేరం అయ్యాక, ఇద్దరే ఉన్నప్పుడు, "ఆ రోజు నేను నవ్వకుండా ఉండాల్సింది నాన్నా" అని చెప్పు. ఏడ్చి ఆయనే నిన్ను ఓదార్చాల్సిన పరిస్థితి మాత్రం తేకు. ఈ వయసులో ఆయనకి ఆ పని కూడా పెట్టడం అన్యాయం.

మీ ఆయనతో మాట్లాడేటప్పుడు "మీ బావ ఇలాంటివాడు" అని మొదలుపెట్టకు. మొదలుపెడితే ఆయన అక్కనీ బావనీ వెనకేసుకొస్తాడు, అసలు సంగతి పక్కకి పోతుంది. "మా నాన్న జేబులో నోటు పెట్టినప్పుడు మీరు పక్కనే ఉన్నారు" అను. అంతే. తన తండ్రి జేబులో ఎవరైనా అలా పెడితే లైట్ తీసుకుంటారా అని అడగక్కర్లేదు, ఆయనకే తడుతుంది. తట్టకపోతే మళ్ళీ రాయి, అప్పుడు మాట్లాడదాం.

మీ అత్తగారు లోపలికి వెళ్ళిపోయారని నువ్వే రాశావు. ఆవిడ అల్లుణ్ణి అనలేదు, అది మనకి తెలిసిందే. కానీ నవ్వలేదు. "అత్తయ్యా, ఆ రోజు మీరు నవ్వలేదు, నాకు గుర్తుంది" అని ఒక్క మాట చెప్పు. దసరాకి ముందు కూతురితో ఏం చెప్పాలో ఆవిడకి తెలుసు. బరంపురం, ఇచ్చాపురం, పర్లాకిమిడి, గుణుపురం, ఇన్ని ఊళ్ళలో మన తెలుగువాళ్ళంతా ఏదో వరసన చుట్టాలే. 1936లో ఇచ్చాపురం తప్ప మిగతా ఊళ్ళు ఒడిశాలో కలిసినా సంబంధాలు తెగలేదు. ఆ పది రూపాయల మాట ఈపాటికి ఎన్ని ఇళ్ళు చేరిందో ఆవిడకి తెలియకుండా ఉండదు.

ఇక అన్నయ్య. దసరాకి మళ్ళీ మొదలుపెడితే నవ్వకుండా, గొంతు పెంచకుండా, "అన్నయ్యా, మా నాన్న గురించి ఆ మాట వద్దు" అని చెప్పి నీ పని నువ్వు చూసుకో. "జోకేస్తే ఇంత సీరియస్సా" అంటారు. అననీ. ఆ మాటకి జవాబు చెప్పకు. ఒక నిమిషం గదిలో అందరికీ ఇబ్బందిగా ఉంటుంది. మొన్న ఆ ఇబ్బంది అంతా మీ నాన్న ఒక్కరే మోశారు.

నాన్నని పిలవకుండా ఉండే ఆలోచన మానుకో. అలా చేస్తే జోకేసిన మనిషి పీట మీద, పడిన మనిషి గుమ్మం బయట ఉంటారు, ఆ ఏర్పాటు నీ చేత్తో నువ్వే చేసినదానివవుతావు. గుణుపురం వెళ్ళినప్పుడే పిలువు, మీ ఆయన్ని వెంట తీసుకెళ్ళి ఇద్దరూ పిలవండి. ఆయన రానంటే నువ్వు వెళ్ళు. మీ ఆయన రానన్న సంగతి మాత్రం మీ నాన్న దగ్గర ఎత్తకు.

ఒకవేళ మీ నాన్నే ఈసారికి రాలేనంటే బలవంతం పెట్టకు. ఆయనకి కోపం వచ్చే హక్కు ఉంది, ఎవరింటికి వెళ్ళాలో తేల్చుకునే హక్కూ ఉంది. అప్పుడు ఇంట్లో చెప్పి, ఈ దసరాకి నువ్వూ బాబూ గుణుపురం వెళ్ళండి. బరంపురంలో వంటకి మనిషి కావాలంటే మీ ఆడపడుచు ఉంది కదా.