చౌడు మడిలో యాసిడ్ పోయవచ్చా?

ప్రశ్న: మాకు పర్వతగిరి మండలంలో మూడెకరాల పొలం ఉంది. చెరువు కట్ట దిగువన ఉన్న ఎకరం మడిలో ఎండాకాలం తెల్లటి పొర పేరుకుంటున్నది. వాన పడితే అదే నేల నల్లగా మారి, నిలిచిన నీరు వారమైనా తేటపడటం లేదు. వరి నాటిన మూడు వారాలకు ఆకుల మీద తుప్పు మచ్చలు వస్తున్నాయి. భూసార పరీక్షలో పీహెచ్ 8.9, విద్యుత్ వాహకత 1.1, జిప్సం అవసరం ఎకరాకు 2 టన్నులు అని వచ్చింది. క్షారానికి విరుగుడు ఆమ్లమే కనుక బాత్‌రూములు కడిగే యాసిడ్ 20 లీటర్లు నీళ్లతో పారించమని ఒకరు, సున్నం చల్లమని మరొకరు చెబుతున్నారు. ఏది చేయాలి?
– ఒక రైతు, వరంగల్ జిల్లా

జవాబు: రెండూ చేయవద్దు. మీ నేలకు కావలసింది ఆమ్లమూ కాదు, మరో క్షారమూ కాదు. జిప్సం అనే లవణం.

పీహెచ్ 7 ఉంటే తటస్థం, అంతకు తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. ఒక్కో అంకె పెరిగిన కొద్దీ క్షారత్వం పది రెట్లు పెరుగుతుంది కనుక 7.9కి, 8.9కి మధ్య ఉన్న తేడాను చిన్నదిగా చూడకూడదు. దిష్టి తీయడానికి పసుపు నీళ్లలో సున్నం వేయగానే ఎర్రబడటం మీరు చూసే ఉంటారు. అది క్షారానికి పసుపు చూపే గుర్తు. పూర్వం చాకలివారు బట్టలు ఉతకడానికి చౌడు మట్టిని వాడింది కూడా అందులోని సోడా (సోడియం కార్బొనేట్) జిడ్డును వదిలిస్తుందనే. బట్టకు మేలు చేసిన ఆ గుణమే పైరుకు కీడు చేస్తుంది.

చౌడు అంతా ఒకటి కాదు. విద్యుత్ వాహకత, అంటే నేలలో కరిగిన ఉప్పుల కొలత, 4 దాటి, పీహెచ్ 8.5 లోపు ఉంటే అది పాలచౌడు. అందులో కరిగే ఉప్పులు ఎక్కువగా ఉంటాయి కనుక మంచి నీరు పెట్టి, మురుగు తీస్తే చాలావరకు బాగుపడుతుంది. మీ నివేదికలో వాహకత తక్కువగానూ, పీహెచ్ 8.5కు పైనా ఉన్నాయి కనుక మీది కారుచౌడు. ఇక్కడ సోడియం నీటిలో మాత్రమే కాక బంకమట్టి రేణువులకు అంటుకొని ఉంటుంది. దానివల్ల రేణువులు ఒకదానికొకటి విడిపోయి నీటిలో తేలుతూ, నేల రంధ్రాలను మూసివేస్తాయి. మీ మడిలో నీరు తేటపడకపోవడానికీ, నేలలోకి ఇంకకపోవడానికీ కారణం ఇదే. సేంద్రియ పదార్థం క్షారంలో కరిగి పైకి రావడం వల్ల నేల నల్లబడుతుంది.

ఇక యాసిడ్ సంగతి. క్షారానికి ఆమ్లం కలిపితే లవణమూ నీరూ వస్తాయన్నది బడిలో చదివిన పాఠమే, అందులో తప్పు లేదు. తప్పంతా లెక్కలో ఉంది. ఎకరం నేలలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 9 లక్షల కిలోలు ఉంటుంది. అందులో సున్నపురాయి నూటికి ఒక్క పాలే ఉందనుకున్నా 9 వేల కిలోలు అవుతుంది. 20 లీటర్ల యాసిడ్‌లో నూటికి పది పాళ్ల హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉందనుకుంటే దొరికేది 2 కిలోలు. దానిని మింగడానికి 3 కిలోల లోపు సున్నపురాయి చాలు. ఒకవేళ అది సోడాతోనే కలిసినా మిగిలేది మనం కూరలో వేసుకునే ఉప్పే. పైగా చేతులు, కళ్లు కాలే ప్రమాదం ఉంది.

సున్నం ఆమ్ల నేలలకు మందు. జిప్సంలోనూ సున్నంలోనూ కాల్షియం ఉన్నమాట నిజమే కానీ, తడి సున్నం తానే గట్టి క్షారం, సున్నపురాయి పొడి మీ నేల పీహెచ్ వద్ద దాదాపు కరగదు. జిప్సం కాల్షియం సల్ఫేట్. తటస్థ లవణం, లీటరు నీటిలో రెండు గ్రాములకు పైగా కరుగుతుంది. కరిగిన కాల్షియం మట్టి రేణువు మీది సోడియాన్ని తోసి ఆ చోట కూర్చుంటుంది, నీటిలోని సోడాను సున్నపురాయిగా మార్చి అడుగున పడేస్తుంది. సోడియం, సల్ఫేట్‌తో జతకట్టి సోడియం సల్ఫేట్‌గా నీటిలో ఉండిపోతుంది. ఆ నీటిని పొలం దాటించకపోతే పడిన శ్రమంతా వృథా. చాలామంది జిప్సం చల్లి, మురుగు కాలువ తీయకుండా, పని చేయలేదని అంటుంటారు.

నమ్మకం కుదరకపోతే రెండు గాజు గ్లాసులలో వాన నీరు పోసి, చెంచాడు చౌడు మట్టి కలిపి, ఒకదానిలో మాత్రమే చిటికెడు జిప్సం వేసి ఉంచండి. మరునాటికి జిప్సం వేసిన నీరు తేటపడి, రెండవది బురదగానే ఉంటుంది.

రోహిణి కార్తెలో మడిని చదును చేసి, గట్లు బలపరచి, దిగువ వైపు మురుగు కాలువ తీయండి. నివేదికలోని 2 టన్నులలో ఈ ఏడాది ఒక టన్ను చల్లి, పై 10 సెంటీమీటర్లలోనే కలిసేలా దున్నండి. లోతుగా దున్నితే మందు పలచబడుతుంది. తర్వాత 10 సెంటీమీటర్ల నీరు పెట్టి పది రోజులకు తగ్గకుండా నిలిపి, కాలువలోకి వదలండి. కనీసం రెండుసార్లు ఇలా చేయాలి. మిగతా టన్ను సంగతి యాసంగి కోతల తర్వాత మళ్లీ మట్టి పరీక్ష చేయించి చూద్దాం. వచ్చే వేసవిలో పచ్చిరొట్ట పైరైన జీలుగ వేసి, పూత దశలో కలియదున్నితే అది కుళ్లేటప్పుడు వెలువడే ఆమ్లాలు నేలలోని సున్నపురాయిని కొంత కరిగించి జిప్సానికి తోడవుతాయి.

ఆకుల తుప్పు మచ్చలు జింకు లోపంగా తోస్తున్నది. క్షార నేలలో జింకు ఉన్నా కరగదు. ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్ వేయండి, భాస్వరం ఎరువుతో మాత్రం కలపవద్దు. మచ్చలు కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున పిచికారీ చేయండి. భాస్వరానికి డీఏపీ బదులు సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ మేలు, అందులో కొంత జిప్సం ఎలాగూ ఉంటుంది. క్షార నేలలో యూరియా అమ్మోనియా వాయువుగా గాలిలో కలుస్తుంది, కాబట్టి ఒకేసారి వేయక మూడు దఫాలుగా వేయండి.

మీరు ఆ మడికి బోరు నీరు పెడుతున్నారా, చెరువు నీరు పెడుతున్నారా అన్నది రాయలేదు. బోరు నీటిలో కార్బొనేట్లు ఎక్కువగా ఉంటే ప్రతి తడితోనూ సోడా మళ్లీ చేరుతుంది. మోటారు అరగంట నడిచాక శుభ్రమైన సీసాలో లీటరు నీరు పట్టి, పరీక్షకు పంపండి. నివేదికలో మిగులు సోడియం కార్బొనేట్, అంటే ఆ నీటితో నేలకు చేరగల సోడా కొలత, 2.5 దాటితే ఆ నీరు ఈ మడికి వాడకుండా, వీలున్నంతవరకు చెరువు నీటినే పారించండి.