లింకన్ మీద రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. మొన్న రాత్రి ఒకసారి, నిన్న పొద్దున్న కాఫీ తాగుతూ ఇంకోసారి చదివాను. వాక్యం శుభ్రంగా రాస్తావు. చదివేవాడి చెయ్యి పట్టుకుని నడిపించే గుణం నీ రాతలో ఉంది. అది నేర్పితే వచ్చేది కాదు. అయినా ఈ వ్యాసాన్ని ఇప్పుడే ఏ పత్రికకూ పంపకు. ఎందుకో చెప్తాను, ఓపిగ్గా చదువు.

వ్యాసం మధ్యలో, అన్నిటికంటే ఎక్కువ చోటిచ్చి, లింకన్ తన కొడుకు ఉపాధ్యాయుడికి రాసిన లేఖ అంటూ పేజీన్నర దించావు. ఆ ఉత్తరం లింకన్ రాయలేదమ్మా.

నీకు బాధగా ఉంటుందని తెలుసు. నాకూ అలాగే అయింది. మా బడిలో సెప్టెంబర్ 5న ఆ లేఖ చదవడం నా వంతు. గొంతు సవరించుకుని, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, చాలా ఏళ్లు చదివాను. ఒక ఏడాది తొమ్మిదో తరగతి పిల్లవాడు లేచి, "ఏ కొడుకు గురించి సార్?" అని అడిగాడు. లింకన్‌కు నలుగురు కొడుకులని కూడా నాకప్పటికి తెలియదు. "కూర్చో" అన్నాను. వాడు కూర్చున్నాడు. వాడు అడిగింది సరైన ప్రశ్న, నేను చెప్పింది తప్పు జవాబు. అది నన్ను ఇన్నేళ్లూ వదల్లేదు.

ఆ తర్వాతే వెతకడం మొదలుపెట్టాను. లింకన్ రాతలన్నీ ఒకచోట చేర్చే పని స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని అబ్రహాం లింకన్ అసోసియేషన్ తలకెత్తుకుంది. రాయ్ బాస్లర్ సంపాదకత్వంలో 1953లో రట్గర్స్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం 8 సంపుటాలు వేసింది. 1955లో సూచిక వచ్చింది. వాటిలో ఎక్కడా ఆ లేఖ లేదు. దాని మూల ప్రతిని చూసినవాళ్లూ లేరు. ఎవరో మంచి మనసుతో రాసి ఉంటారు, మంచి మాటలే. కానీ మంచి మాట అయినంత మాత్రాన అది ఆయన మాట అయిపోదు కదా.

ఆ 8 సంపుటాలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒక సంగతి గమనించు. మొదటి మూడు సంపుటాల్లో యాభై ఏళ్ల జీవితం సరిపోయింది. 1860 మార్చి నుంచి 1865 ఏప్రిల్ దాకా, అంటే అధ్యక్ష ఎన్నిక, ఉత్తరాది దక్షిణాది రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం, హత్య దాకా గడిచిన ఐదేళ్లకు తక్కిన ఐదు సంపుటాలూ పట్టాయి. వాటిని తెరిస్తే మహోపన్యాసాలు కనిపిస్తాయనుకున్నాను. కనిపించేవి ఎక్కువగా చిన్న చిన్న చీటీలు, తంతి కబుర్లు, అంటే టెలిగ్రాములు. ఫలానా సైనికుడి మరణశిక్ష నా తదుపరి ఉత్తర్వు దాకా ఆపండి. ఫలానా ఆవిడ వస్తోంది, ఆవిడ చెప్పేది వినండి. న్యూయార్క్‌లో ఉన్న భార్యకు 1864 ఏప్రిల్‌లో ఒక తంతి: మేకలూ నాన్నా కులాసా అని టాడ్‌తో చెప్పు, ముఖ్యంగా మేకలు. 6 లక్షల మందికి పైగా సైనికులు చనిపోయిన యుద్ధం నడుస్తుండగా, చిన్న కొడుకు పెంపుడు మేకల కబురు. నీ వ్యాసంలో "మానవాళికి వెలుగుబాట పరిచిన మహామనీషి" అని మొదటి వాక్యం రాశావు. ఆ మహామనీషి కంటే ఈ మేకల తండ్రి నాకు దగ్గరగా కనిపించాడు.

మరి ఇంత రాశిలో ఎక్కడ మొదలుపెట్టాలి? ఒక్క నెల తీసుకో. 1862 డిసెంబర్ తీసుకో. నేను రెండేళ్లపాటు ఆ ఒక్క నెలనే తిరగేశాను.

డిసెంబర్ 1న కాంగ్రెస్‌కు, అంటే అమెరికా చట్టసభకు, వార్షిక సందేశం. చివర్లో, చరిత్ర నుంచి మనం తప్పించుకోలేం అన్న మాట ఉంది. బానిసకు స్వేచ్ఛనివ్వడంలో స్వేచ్ఛగా ఉన్నవాళ్ల స్వేచ్ఛకూ భరోసా ఇస్తున్నాం అన్న మాటా అక్కడిదే. నువ్వు ఈ రెండూ ఎత్తి రాశావు, బాగుంది. కానీ అదే సందేశంలో, పైన, యజమానులకు పరిహారమిచ్చి 1900 సంవత్సరం లోపు బానిసత్వాన్ని మెల్లగా తీసేద్దామన్న ప్రతిపాదన ఉంది. విముక్తులైన నల్లవాళ్లను, వాళ్లు ఒప్పుకుంటే, వేరే దేశాలకు పంపి స్థిరపరచడానికి తాను గట్టిగా అనుకూలమని కూడా రాశాడు. పుట్టిన నేల మీద నుంచి మనుషుల్ని సాగనంపే ఆలోచన అది. చివరి పేరా మాత్రమే ఎత్తి రాస్తే పాఠకుడికి సగం మనిషినే చూపించినట్టు.

డిసెంబర్ 6న ఇంకో కాగితం. మిన్నెసోటాలో డకోటా అనే ఆదివాసీ తెగవాళ్లు ఆ ఆగస్టులో తిరగబడ్డారు. భూములు పోయాయి, ఒప్పందం ప్రకారం రావలసిన డబ్బు ఆలస్యమైంది, ఆకలి. తిరుగుబాటులో వందల మంది వలసదారులు చనిపోయారు. సైనిక కమిషన్ హడావిడిగా విచారణలు జరిపి 303 మందికి మరణశిక్ష వేసింది. లింకన్ ఆ కాగితాలన్నీ తెప్పించి ఒక్కొక్కటీ పరిశీలింపజేశాడు. పోరాటాల్లో మాత్రమే పాల్గొన్నవాళ్లను వేరు చేసి, ఊచకోతల్లో, అత్యాచారాల్లో పాల్గొన్నట్టు తేలిందన్న 39 మందికి శిక్ష ఖాయం చేశాడు. ఆ 39 పేర్లూ గుమాస్తాతో రాయించలేదు, తన చేత్తోనే రాశాడు. ప్రతి పేరుకూ కేసు నంబరు వేశాడు. తనకు నోరు తిరగని పేర్లవి. ఒకరి బదులు ఒకరు ఉరికంబం ఎక్కకూడదని అక్షరం అక్షరం విడదీసి, మధ్య మధ్య గీత పెట్టి రాశాడు. తర్వాత ఒకరికి ఊరట దొరికింది. డిసెంబర్ 26న మంకేటోలో 38 మందిని ఒకేసారి ఉరి తీశారు. అమెరికాలో ఒకే రోజు అంతమందిని ఉరి తీయడం అంతకు ముందూ లేదు, ఆ తర్వాతా లేదు.

ఈ కాగితం ముందు నేను చాలాసేపు కూర్చుండిపోయాను. 303లో 265 మంది మెడకు ఉచ్చు తప్పించిన చెయ్యీ, 38 మందికి బిగించిన చెయ్యీ ఒకటే. ఆయన్ని మెచ్చుకునేవాళ్లు మొదటి అంకె చెప్పి ఆగుతారు, తిట్టేవాళ్లు రెండోది చెప్పి ఆగుతారు. నువ్వు అసలు ఈ ఊసే ఎత్తలేదు.

డిసెంబర్ 13న ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర ఘోరమైన ఓటమి. ఉత్తరాది సైన్యంలో 12 వేల మందికి పైగా చనిపోయారు, గాయపడ్డారు, గల్లంతయ్యారు. 22న సైన్యానికి ఒక సందేశం రాశాడు. మీరు గెలవకపోయినా ఆ ప్రయత్నం పొరపాటు కాదు, ఆ వైఫల్యం ఒక ప్రమాదం మాత్రమే అని. ఈ వాక్యం నాకు నచ్చదు. చనిపోయినవాళ్ల ముందు నిలబడలేని వాక్యం ఇది. ఎంత గొప్ప రచయిత అయినా పదవి కోసం రాసినప్పుడు ఇలాంటి వాక్యాలు వస్తాయి. వాటినీ చదవాలి.

ఆ మర్నాడే, 23న, ఇల్లినాయిస్‌లోని ఒక అమ్మాయికి ఉత్తరం రాశాడు. పేరు ఫానీ మెకలా. ఆమె తండ్రి విలియం మెకలా ఆ నెల మొదట్లో మిసిసిపీలో యుద్ధంలో చనిపోయాడు. లాయరుగా కోర్టుల చుట్టూ తిరిగిన రోజుల నుంచి లింకన్‌కు స్నేహితుడు. ఈ లోకంలో దుఃఖం అందరికీ వస్తుంది, చిన్నవాళ్లకు మాత్రం మరీ చేదుగా వస్తుంది, ఎందుకంటే వాళ్లు దానికి సిద్ధంగా ఉండరు అంటాడు. ఇక ఎప్పటికీ మనసు కుదుటపడదని నీకిప్పుడు అనిపిస్తోంది, అవునా? అది పొరపాటు అంటాడు. ఇదంతా అనుభవం మీదే చెప్తున్నానంటాడు గానీ ఆ అనుభవమేమిటో విప్పడు. ఆయనకు తొమ్మిదేళ్లప్పుడు తల్లి పోయింది. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే పదకొండేళ్ల కొడుకు విల్లీ వైట్‌హౌస్‌లో కన్నుమూశాడు. ఉత్తరంలో వాళ్ల ప్రస్తావనే లేదు. ఎదుటి మనిషి దుఃఖంలో తన దుఃఖానికి చోటు అడగలేదు. పరామర్శకు వెళ్లి మన గోడు వెళ్లబోసుకుని వచ్చే అలవాటు మనకెంత ఉందో చూడు. నువ్వు రాయబోయే కథల్లో ఎవరైనా ఎవరినైనా ఓదార్చవలసి వస్తే, ముందు ఈ ఉత్తరం ఒకసారి చదువుకో.

ఇక 1863 జనవరి 1. విముక్తి ప్రకటన. "ఒక్క కలంపోటుతో సంకెళ్లు తెంచాడు" అని రాశావు. ఆ ప్రకటన చదివావా? కోర్టు కాగితంలా ఉంటుంది. ఏ రాష్ట్రాలకు వర్తిస్తుంది, లూసియానాలో ఏ పారిష్‌లకు, అంటే జిల్లాల్లాంటివాటికి, వర్తించదు, ఇలా జాబితాలు. తిరుగుబాటులో ఉన్న ప్రాంతాలకే అది వర్తించింది. కెంటకీ, మేరీలాండ్, డెలవేర్, మిస్సోరీ బానిసలకు వర్తించలేదు. బానిసత్వాన్ని దేశమంతటా తీసేసిన రాజ్యాంగ 13వ సవరణ అమల్లోకి వచ్చింది 1865 డిసెంబర్‌లో, ఆయన పోయాక. కానీ ఒక తేడా చూడు. సరిగ్గా నెల ముందు రాసిన సందేశంలో ఉన్న విదేశాలకు పంపే మాట ఇందులో లేదు. దాని బదులు, విముక్తులైన నల్లవాళ్లను సైన్యంలో చేర్చుకుంటామన్న మాట ఉంది. దేశం నుంచి పంపించేద్దామన్నవాళ్ల చేతికే దేశాన్ని కాపాడే తుపాకీ ఇచ్చాడు. కలంపోటు కంటే ఈ మార్పు నాకు పెద్దదిగా కనిపిస్తుంది. ఇది రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివితేనే తెలుస్తుంది.

గెటిస్‌బర్గ్ యుద్ధభూమిలో ఆయన చేసిన ప్రసంగం గురించి ఎక్కువ చెప్పను, అందరూ చెప్పిందే. రైల్లో కవరు మీద గీకాడన్న కథ మాత్రం కొట్టెయ్. అందరికంటే పాతదిగా భావించే ప్రతిలో మొదటి పుట అధ్యక్ష భవనం కాగితం మీద సిరాతో ఉంది, రెండో పుట వేరే కాగితం మీద పెన్సిలుతో ఉంది. ఇంకొకటి. "ప్రజల యొక్క, ప్రజల చేత, ప్రజల కొరకు" అని పాఠ్యపుస్తకంలోది అలాగే దించావు. "యొక్క" అని ఇంట్లో ఎవరంటారు? ఆయన వాడినవి ఏ రైతుకైనా అర్థమయ్యే మాటలు. ప్రజలదై, ప్రజలే నడుపుతూ, ప్రజల కోసమే ఉండే ప్రభుత్వం అని నేనైతే రాసుకుంటాను. నువ్వు ఇంతకంటే బాగా రాయగలవు, ప్రయత్నించు.

దిద్దుకోవడం ఎలాగో కూడా ఆయన దగ్గరే నేర్చుకోవచ్చు. 1861 మార్చి 4న మొదటి ప్రమాణ స్వీకార ప్రసంగం. ముగింపు మెత్తగా ఉండాలని, ఆయన విదేశాంగ మంత్రి కాబోతున్న సీవార్డ్ ఒక పేరా రాసిచ్చాడు. "ముగిస్తున్నాను" అని మొదలవుతుంది. లింకన్ దాన్ని "ముగించడానికి మనసొప్పడం లేదు" అని మార్చాడు. విడిపోతున్న దక్షిణాది గుమ్మంలో నిలబడి ఉంటే, అన్న వెళ్లొద్దన్నట్టు ఉంటుంది ఆ మాట. సీవార్డ్ జాతిని కాపాడే దేవదూత అని రాస్తే, లింకన్ ఆ దేవదూతలను ఆకాశం నుంచి దించి మన స్వభావంలోనే కూర్చోబెట్టాడు. నాలుగేళ్లకు, 1865లో అదే రోజున, రెండో ప్రమాణ స్వీకారం. నాలుగేళ్ల కిందట రెండు పక్షాలూ ఏం కోరుకున్నాయో చెప్పి, అక్కడ ఒక చిన్న వాక్యం వేశాడు: "ఇక యుద్ధం వచ్చింది." విశేషణం లేదు, ఎవరినీ వేలెత్తి చూపలేదు. ఆయన ఏది చదివినా పైకి చదివేవాడు, లాయరు పనిలో భాగస్వామి హెర్న్‌డన్‌కు అది విసుగ్గా ఉండేది. నువ్వూ పైకి చదువు. నీ "మహామనీషి" వాక్యం పైకి చదివితే ఎక్కడ ఊపిరి ఆడదో నీకే తెలుస్తుంది.

ఇంకో మాట. లింకన్ సొంత కాగితాలను పెద్ద కొడుకు రాబర్ట్ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఇస్తూ, తాను పోయిన 21 ఏళ్ల దాకా తెరవకూడదని షరతు పెట్టాడు. 1947 జూలై 26న తెరిచారు, మనకు స్వాతంత్ర్యం రావడానికి ఇరవై రోజుల ముందు. అంతదాకా పండితులు సైతం ఆ కాగితాల కోసం కాచుకుని ఉండవలసి వచ్చింది. ఇప్పుడు నీ ఫోన్‌లో ఆయన చేతిరాతే కనిపిస్తుంది.

ముందు ఆ డిసెంబర్ 6 నాటి ఉత్తర్వు తెరువు. 39 పేర్లూ నీ చేత్తో ఒకసారి తెలుగులో రాసి చూడు. రెండు గంటలు పడుతుంది, నాకు అంతే పట్టింది. తర్వాత ఫానీకి రాసిన ఉత్తరం నువ్వే తెలుగు చెయ్. ఉపాధ్యాయుడి లేఖ ఉన్న పేజీన్నరలో ఈ రెండూ పెట్టి, సంక్రాంతి లోపు నాకు పంపు. ఎర్ర పెన్నుతో దిద్దిన నీ పాత ప్రతి ఈ ఉత్తరంతో పాటే కవర్లో పెడుతున్నాను.

అమ్మానాన్నలను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు